పీర్లచావిడి ముందు పోస్ట్‌మోడర్నిజం

(గోనెగండ్లలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చు పాఠం)

 

మతానికీ పోస్ట్‌మోడర్న్ తత్వానికీ సంబంధం ఏమిటన్నది ఈరోజు నా విషయం. ప్యారిస్‌లో పుట్టిన మాటలు గాజులదిన్నె ఆయకట్టులో ఏం పండుతాయని ఎమ్మిగనూరు మిత్రుడొకరు నన్ను ఎత్తిపొడిచారు. ఆయన అనుమానం న్యాయమైందే. అయితే ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ అయ్యవారిని ఎరిగినవాళ్లకు ఈ విషయం వింతగా తోచదు. ఆయన పగలు సంధులూ సమాసాలూ చెప్పి, సాయంత్రం అరుగు మీద వేమననూ మార్క్సునూ ఒకే గొంతుతో చెప్పేవారు. దేవుణ్ణి నమ్మేవారు కాదు. మొహర్రం పదో రోజు మాత్రం గుండం దగ్గర నిలబడేవారు. "నాస్తికులు కదా సార్, ఇక్కడేం పని?" అని అడిగినవాళ్లతో "ఊరంతా ఈడుంటే నేనెక్కడుండాల?" అనేవారు. దేవుడు లేడనడానికీ, గుండం దగ్గర నిలబడటానికీ మధ్య ఉన్న జాగా ఎలాంటిదో ఆయన ఎన్నడూ వివరించలేదు. నేను మాట్లాడబోయేది ఆ జాగా గురించే.

ముందు ఆ తత్వం ఏమందో కాస్త చెప్పాలి. కెనడాలోని క్విబెక్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మండలి అడిగితే, ఫ్రెంచి తాత్వికుడు ల్యోతార్ 1979లో ఒక నివేదిక రాశాడు. మనిషి చరిత్రనంతా ఒకే దారిన నడిపించి చూపే పెద్ద కథల మీద ఇక నమ్మకం కుదరడం లేదని, ఆ అపనమ్మకమే మన కాలపు లక్షణమని అందులో అన్నాడు. ఆ పెద్ద కథలను మన విమర్శకులు మహాకథనాలు అంటున్నారు. దేవుడు సృష్టించి, పరీక్షించి, చివర్న తీర్పు చెబుతాడన్నది ఒక మహాకథనం. సైన్సు వల్ల, చదువు వల్ల మనిషి చీకట్లోంచి వెలుగులోకి నడుస్తాడన్నది ఇంకొకటి. వర్గపోరాటం చివర వర్గాల్లేని సమాజం వస్తుందన్నది మరొకటి.

తెలుగులో 1990లలో ఈ చర్చ వచ్చినప్పుడు దెబ్బ ఈ చివరిదానికే తగిలిందని చాలామంది అనుకున్నారు. అందుకే ఆ చర్చ చాలావరకు మార్క్సిస్టులకూ అస్తిత్వ ఉద్యమాలకూ మధ్యే నడిచింది. 1993లో స్త్రీవాద కవిత్వ సంకలనం 'నీలిమేఘాలు', 1995లో దళిత కవిత్వ సంకలనం 'చిక్కనవుతున్న పాట', 1998లో ముస్లింవాద కవిత్వ సంకలనం 'జల్జలా' వచ్చాయి. అందరి తరఫునా ఒక్కరే మాట్లాడతామంటే ఇక కుదరదని అవి తేల్చి చెప్పాయి. ఆ మాట అనడానికి ఆ కవులకు ల్యోతార్ అవసరం రాలేదు, తమ వీధి చాలింది. మతం సంగతి మాత్రం ఆ వాదోపవాదాల్లో పక్కకు జరిగిపోయింది.

పడమటి దేశాల్లో అలా జరగలేదు. దేవుడు చచ్చిపోయాడని నీషే 1882లో ఒక పిచ్చివాడి నోట పలికించాడు. సరిగ్గా నూరేళ్లకు, 1982లో, ఫ్రెంచి కాథలిక్ తాత్వికుడు జాఁ లుక్ మారియోన్ ఆ మాటను తిప్పి పట్టుకున్నాడు. చచ్చిపోయింది తత్వవేత్తలు తయారు చేసుకున్న దేవుడేనని, అసలు దేవుణ్ణి 'ఉన్నాడు, లేడు' అనే లెక్కలోకి దించడమే పొరపాటని అతని వాదం. హేతువు చెప్పే కథ కూడా కథల్లో ఒకటే అయినప్పుడు, దేవుణ్ణి ఊరవతలికి తరిమే అధికారం హేతువుకు ఎవరిచ్చారు? పోస్ట్‌మోడర్నిజం మతాన్ని కూలుస్తుందని భయపడ్డ పాదరీలు కొందరు దాన్నే ఆసరా చేసుకున్నారు. అల్జీరియాలో యూదు కుటుంబంలో పుట్టిన డెరిడా నాస్తికుడిగా పేరుపడ్డవాడు. ఆయన కూడా 2002లో టొరంటోలో మతాధ్యయన పండితుల సభలో తన ప్రార్థన గురించి మాట్లాడాడు. టూరిన్ తాత్వికుడు వాత్తిమో కథ ఇంకా బాగుంటుంది. ఒకప్పటి ప్రొఫెసరు ఒకాయన ఫోన్‌లో "దేవుణ్ణి ఇంకా నమ్ముతున్నావా?" అని అడిగితే, "నమ్ముతున్నాననే నమ్ముతున్నాను" అన్నాడట. 1996లో ఆ జవాబునే పేరుగా పెట్టి ఒక పుస్తకం రాశాడు.

తెలివైన జవాబే. కానీ పీర్లచావిడి ముందు కూర్చున్న ఏ అవ్వనైనా "పీరుసామిని నమ్ముతావా?" అని అడిగి చూడండి. ఆమెకు ప్రశ్నే అర్థం కాదు. "మొక్కుకున్న్యాం, తీర్చాల" అంటుంది. పిల్లవాడికి జబ్బు చేసింది, మొక్కుకున్నారు, తగ్గింది. ఇక చక్కెర చదివింపులు చేయించాలి, లేదా యాట కోసి కందూరు విందు చేయాలి, పిల్లవాడికి ఆ సామి పేరు పెట్టాలి. ఈ మూడింట్లో ఎక్కడా నమ్మకం గురించిన ప్రకటన లేదు. ఉన్నది బాకీ. వాత్తిమో ఇబ్బంది అంతా తన లోపల ఏముందో తేల్చుకోవడం దగ్గర. అవ్వకు ఆ ఇబ్బంది లేదు. ఆమెకు తెలిసిందల్లా తాను ఎవరికి ఏమిచ్చుకోవాలో.

ఈ తేడా చిన్నది కాదు. పోస్ట్‌మోడర్న్ వాదులు ఇతరుల దేవుళ్లను ఓర్చుకోమనేది ఏ కథనూ పూర్తిగా నమ్మలేం కాబట్టి. అన్నీ సగం సగమే అయినప్పుడు కొట్లాట ఎందుకన్నది వాళ్ల లెక్క. మన వైపు ఓర్పు అపనమ్మకంలోంచి వచ్చింది కాదు. ఒకే ఇంటివాళ్లు ఉరుకుందకు బాకీ ఉంటారు, పీర్లకు బాకీ ఉంటారు, మంత్రాలయంలో తలనీలాలకూ బాకీ ఉంటారు. అన్నింటినీ పూర్తిగా ఒప్పుకునే బాకీ పడతారు.

ఉరుకుంద సంగతే చూడండి. కౌతాళం మండలంలోని ఆ గుడి దేవుడు కాగితాల మీద నరసింహస్వామి. శ్రావణమాసంలో బండ్లు కట్టుకుని, ఇప్పుడు ట్రాక్టర్లు కట్టుకుని పోయే జనానికి మాత్రం ఆయన ఈరన్న. నరసింహుడు విష్ణువు అవతారం, ఈరన్న అన్నది మన సరిహద్దు ఊళ్లలో శైవుల ఇళ్లలో వినిపించే పేరు. ఏది అసలు పేరని పండితులు గింజుకోవచ్చు. సుగ్గికని కూలి వలసగా గుంటూరు మిరపతోటలకు పోయి, చేతికి నాలుగు డబ్బులు రాగానే జాతరకు పరుగెత్తుకొచ్చే కుటుంబానికి ఆ గొడవ పట్టదు. మన బడుల హాజరు పట్టీల్లో హుస్సేనప్ప, దస్తగిరి, ఫకీరప్ప, కుళ్లాయప్ప అన్న పేర్లు ఏ మతం వాళ్లవో చూసి చెప్పగల హెడ్మాస్టరు లేడు. పక్కనున్న అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయస్వామి పీర్ల పండుగ మీద కవి అఫ్సర్ 2013లో ఇంగ్లిషులో ఒక పరిశోధన గ్రంథం అచ్చువేశారు. ఆ ఊళ్లో పీర్లచావిడికీ ఆంజనేయుడికీ జనం ఒకే చేత్తో మొక్కుతారు. ఇరాక్‌లో 680లో కర్బలా మైదానంలో జరిగిన వధ రాయలసీమ పల్లెలో ఏటా గుండం తవ్వించి, డప్పులు కొట్టించి, చివరి రోజు పీర్లను జలధికి నడిపిస్తోంది. ఇది ఏ మహాకథనంలోనూ ఇమడదు.

మంత్రాలయం కథలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా తోచే సంగతి ఒకటి ఉంది. రాఘవేంద్రస్వామి 1671లో సజీవంగా బృందావన ప్రవేశం చేశారంటారు. అప్పటికి ఆదోని బీజాపూర్ సుల్తానుల కింద ఉంది. ఇప్పుడు మంత్రాలయం అంటున్న మంచాల గ్రామాన్ని స్వామికి ఇచ్చింది ఆదోని నవాబు సిద్దీ మసూద్ ఖాన్ అని మఠం సంప్రదాయం చెబుతుంది. సిద్దీ అంటే హబ్షీ, ఆఫ్రికా మూలాలున్న ముస్లిం. ఆదోని జామియా మసీదు కట్టించిందీ ఆయనే. స్వామిని పరీక్షించాలని నవాబు గుడ్డ కప్పి మాంసం పంపితే అవి పూలూ పండ్లూ అయ్యాయని కథ. ఆ తర్వాత 1800లో ఈ సీమ నిజాం చేతి నుంచి కుంపిణీ చేతికి పోయింది. ఈ సీమకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు బృందావనంలోంచి స్వామి కనిపించి ఇనాం భూమి గురించి మాట్లాడారని ఇంకో కథ. ఈ రెండు కథల్లోనూ సాక్షి పరాయివాడే. మఠం తన మహిమను తన శిష్యుల చేత చెప్పించుకోలేదు, ముస్లిం నవాబు చేత, క్రైస్తవ దొర చేత చెప్పించింది. మనవాడు చెబితే మురిపెం, అవతలివాడు చెబితే రుజువు. ప్రతి సమూహం తన కథను తనలోనే చెప్పుకుని తృప్తి పడుతుందన్న పోస్ట్‌మోడర్న్ సిద్ధాంతానికి మంత్రాలయం లొంగదు. ఇక్కడి కథ గడప దాటి పోయి ఒప్పుదల తెచ్చుకుంటుంది.

ఇదంతా విన్నాక 'అయితే మనం ప్యారిస్ కంటే ముందే పోస్ట్‌మోడర్న్' అని చప్పట్లు కొట్టాలనిపించవచ్చు. దయచేసి కొట్టకండి. ఈ మధ్య ఏ కొత్త సంగతి వచ్చినా అది మన పూర్వుల దగ్గర ముందే ఉందనడం ఒక జబ్బుగా మారింది. మన జనం మహాకథనాలను అనుమానించి ఇలా బతకలేదు. మహాకథనం అప్పటికి వాళ్ల గడప దాకా రానేలేదు, వచ్చినప్పుడు ఏమైందో తర్వాత చెబుతాను. నిజంగా మహాకథనాన్ని ఎదిరించిన రాయలసీమ మనిషి కావాలంటే జిడ్డు కృష్ణమూర్తి ఉన్నారు. 1895లో మదనపల్లెలో పుట్టారు. దివ్యజ్ఞాన సమాజం వాళ్లు ఆయన్ను జగద్గురువుగా తయారు చేశారు. ఆయన 1929 ఆగస్టు 3న హాలెండ్‌లోని ఓమెన్‌లో వేల మంది ముందు, తన కోసం వాళ్లు కట్టిన ప్రత్యేక సంఘాన్ని తానే రద్దు చేశారు. సత్యాన్ని సంస్థగా కట్టలేమన్నారు. ల్యోతార్ నివేదికకు అది సరిగ్గా యాభై ఏళ్ల ముందు. ఆ తర్వాత ఆయన బతికినంత కాలం గురువు అక్కర్లేదని చెబుతూనే ఉన్నారు, జనం ఆయన్నే గురువుగా చూస్తూ వింటూనే ఉన్నారు. పెద్ద కథను కూల్చడం ఒక సాయంత్రం పని. కూల్చినవాడి చుట్టూ కొత్త కథ లేవకుండా ఆపడం ఆయన వల్ల కూడా కాలేదు.

మనిషి చుట్టూ కథ లేవడం అన్నాను కాబట్టి కాలజ్ఞానం గురించి కూడా ఒక మాట. రచయిత చచ్చిపోయాడని, ఇక అర్థం చదివేవాడి చేతిలోనే ఉందని రోలాఁ బార్త్ 1967లో రాశాడు. మన బనగానపల్లె రవ్వలకొండ గుహలో కూర్చుని బ్రహ్మంగారు చెప్పారంటున్న కాలజ్ఞానానికి ఇది సరిపోతుందా అని నేను చాలా ఆలోచించాను. మాతృక ఏదో చెప్పలేని పుస్తకం అది. చేతిరాత ప్రతుల్లో ఒకటి, అచ్చు ప్రతుల్లో ఒకటి, తత్వాలు పాడేవాళ్ల నోట ఇంకొకటి. 2020లో కరోనా వచ్చినప్పుడు అది కాలజ్ఞానంలో ముందే ఉందంటూ వాట్సాప్‌లో పద్యం తిరిగింది. ప్రతి తరం తన భయాన్ని అందులో రాసుకుంటుంది. అంటే ఇక్కడ బార్త్ చెప్పినదానికి తలకిందులు జరుగుతోంది. పాఠం రోజూ మారుతోంది, కర్త పేరు మాత్రం మారడం లేదు. 'బ్రహ్మంగారు చెప్పారు' అన్న ముద్ర పడితేనే ఎవరి మాటైనా చెల్లుతుంది. ఆ ముద్ర కింద అందరి మాటలూ దాక్కున్నాయి, కులాన్ని తిట్టిన ఆయన శిష్యుడు దూదేకుల సిద్దయ్య సంప్రదాయం మాటలతో సహా. అధికారం లేనివాళ్లు అధికారం ఉన్న పేరు అప్పు తెచ్చుకుని మాట్లాడిన పుస్తకం అది. అదే పేరును రేపు ఇంకెవరైనా అప్పు తెచ్చుకోవచ్చు. వాట్సాప్‌కు ఆ సంగతి బాగా తెలుసు.

ఇక మహాకథనం మన గడపకు ఎలా వచ్చిందో చెబుతాను. 1871లో మొదలై పదేళ్లకోసారి జనాభా లెక్కలవాళ్లు వచ్చి నీ మతమేదని అడిగారు. ఒక్కటే చెప్పాలన్నారు. 1911లో గుజరాత్‌లో కొందరిని బొంబాయి అధికారి 'హిందూ మహమ్మదీయులు' అని రాస్తే పైవాళ్లు అభ్యంతరం చెప్పారు. ఆ గడిలో రెండు ఇమడవు. పీరుకూ ఈరన్నకూ బాకీ ఉన్న ఇల్లు ఏదో ఒక గడిలో కూర్చోవాల్సి వచ్చింది. గడి వచ్చాక గడికి కాపలావాళ్లు వచ్చారు. పీర్ల ముందు సాగిలపడటం ఇస్లాం కాదని ఒక వైపు నుంచి ఉపదేశకులు వస్తున్నారు. తురకల పండుగ మనకెందుకని ఇంకో వైపు నుంచి కుర్రవాళ్లు వస్తున్నారు. ఇద్దరూ తాము పాత శుద్ధమైన మతాన్ని తిరిగి తెస్తున్నామనుకుంటారు. నిజానికి ఇద్దరూ జనాభా లెక్కల పిల్లలు. ఈ మాట అనగలగడానికి పోస్ట్‌మోడర్న్ విమర్శ నాకు తోడ్పడింది. తలాల్ అసద్ 1993లో రాసిన పుస్తకం, మన పొరుగు బెంగళూరులో పుట్టి బెల్జియంలోని ఘెంట్‌లో పాఠాలు చెప్పిన బాలగంగాధర 1994లో రాసిన పుస్తకం ఇదే చెబుతాయి. మతం అని మనం ఇప్పుడు అనుకుంటున్న పెట్టె ఐరోపా క్రైస్తవం కొలతలకు చేసింది, దానిలో మిగతా లోకాన్ని కుక్కారు. బాలగంగాధర వాదాన్ని నేను చివరిదాకా ఒప్పుకోను. కులాన్ని కూడా తెల్లవాళ్ల కట్టుకథగా చూపే దారి అటే పోతుంది. పెట్టె గురించి మాత్రం ఆయన చెప్పింది నిజం.

ఈ విమర్శను దుర్వినియోగం చేస్తున్నారన్న ఫిర్యాదూ ఉంది. సైన్సు కూడా ఒక కథేనని మేధావులు అనడం వల్లే పురాణాన్ని సైన్సుగా అమ్మేవాళ్లకు దారి దొరికిందని మీరా నందా 2003లో ఒక పుస్తకమే రాశారు. నాకు సగమే నచ్చింది. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారతీయ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా యూనివర్సిటీ అప్పటి వైస్ ఛాన్సలర్ మాట్లాడుతూ, కౌరవులు టెస్ట్ ట్యూబ్ బిడ్డలని, రావణుడికి ఇరవై నాలుగు రకాల విమానాలుండేవని చెప్పారు. ఇందులో పోస్ట్‌మోడర్నిజం ఎక్కడుంది? ఆయన సైన్సును ఒక కథ అనలేదు. సైన్సు సర్టిఫికెట్ లేనిదే పురాణానికి విలువ లేదని లోపల ఒప్పుకున్నవాడే అలా మాట్లాడతాడు. గాంధారి కుండలను ప్రయోగశాల చేస్తే తప్ప మనసుకు ఆనలేదు. పీరుకు మొక్కిన అవ్వకు ఏ సర్టిఫికెటూ అక్కర్లేదు.

ఇంతవరకు నేను పోస్ట్‌మోడర్న్ వాదుల పక్షాన ఉన్నట్టే మాట్లాడాను. ఇక వాళ్లతో నాకున్న అసలు తగాదా.

1978లో ఇరాన్‌లో షాకు వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వచ్చినప్పుడు మిషెల్ ఫూకో టెహరాన్ వెళ్లి, ఇటలీ పత్రిక 'కొరియేరే దెల్లా సేరా'కు వ్యాసాలు రాశాడు. పడమటి రాజకీయం పోగొట్టుకున్న ఆధ్యాత్మికతను ఈ జనం తిరిగి తెస్తున్నారని ముచ్చటపడ్డాడు. ఆ నవంబరులో అతూసా హెచ్ అన్న మారుపేరుతో ఒక ఇరాన్ స్త్రీ ఫ్రెంచి వారపత్రికకు ఉత్తరం రాసింది. మీకు ముచ్చటగా ఉన్న ఈ ఆధ్యాత్మికత రేపు మా నెత్తి మీద పడుతుందని దాని సారాంశం. ఫూకో ఆమెకు క్లుప్తంగా జవాబిచ్చి ఊరుకున్నాడు. 1979 మార్చి 8న, ముసుగు తప్పనిసరి అన్న ఆజ్ఞకు వ్యతిరేకంగా టెహరాన్ వీధుల్లో స్త్రీలు వేల సంఖ్యలో నడిచారు. మే తర్వాత ఫూకో ఇరాన్ గురించి రాయడం మానేశాడు. ఆసుపత్రుల్లో, జైళ్లలో అధికారం ఎలా దాక్కుంటుందో లోకానికి నేర్పినవాడు అతను. ప్రార్థన దగ్గర దాక్కున్న అధికారాన్ని మాత్రం ఒక ఉత్తరం రాసిన స్త్రీ ముందుగా చూసింది. దాని బరువు మోయబోయేది ఆమె కాబట్టి చూసింది.

మన దగ్గర అలాంటి బరువు ఎవరి మీద పడింది? 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని తాలూకా ఊళ్లలో బసివిని విడవడం అనే ఆచారం ఉండేది. కొడుకు లేని ఇంట్లో ఒక కూతుర్ని దేవుడికి విడిచేవారు. ఆమెకు పెళ్లి లేదు. పుట్టింట్లోనే ఉండి కొడుకులా తల్లిదండ్రుల కర్మ చేస్తుంది, ఆమె పిల్లలు ఆ ఇంటి పేరుతోనే పెరుగుతారు. కాగితం మీద చదివితే స్త్రీకి వారసత్వం ఇచ్చిన అరుదైన ఏర్పాటులా ఉంటుంది. అమెరికా మానవశాస్త్రజ్ఞురాలు లుసిండా రాంబర్గ్ ఉత్తర కర్ణాటక ఎల్లమ్మ జోగతుల మీద 2014లో రాసిన పుస్తకంలో దాదాపు ఇదే వైపు నుంచి మాట్లాడారు. దేవతతో వాళ్లకున్న చుట్టరికం కూడా మతమేనని, సంస్కర్తలు దాన్ని మూఢనమ్మకంగా, వ్యభిచారంగా కొట్టిపారేసి ఆ స్త్రీల మాట వినలేదని ఆమె ఆరోపణ. వినలేదన్నది నిజం. ఆ ఆచారాన్ని నిషేధించే చట్టం తెచ్చినవాళ్లు జరిమానా గురించి ఆలోచించినంతగా వాళ్ల ఇంటి గురించి ఆలోచించలేదు.

కానీ ఒక్క ప్రశ్న ఉంది. కర్మ చేయడానికి కొడుకు లేని ఇళ్లు అన్ని కులాల్లోనూ ఉన్నాయి. విడిచిన ఆడపిల్లలు ఎక్కువగా మాల, మాదిగ, బోయ ఇళ్ల నుంచే ఎందుకు వచ్చారు? ఆ చుట్టరికం అంత గొప్పదైతే కరణాల ఇంట్లో, రెడ్ల ఇంట్లో ఎందుకు కనపడదు? 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీల అంకితాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అది పైనుంచి వచ్చిన మహాకథనమే, హక్కుల మహాకథనం. ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా మహాకథనం పక్షానే ఉంటాను.

దేవరగట్టు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. హొళగుంద మండలంలో విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరుడి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లవాళ్లు కర్రలతో తలపడతారు, తలలు పగులుతాయి. పోలీసులు ఏటా వద్దంటారు, జనం ఏటా మా ఆచారం అంటారు. అక్కడ దెబ్బ తినేవాడూ కొట్టేవాడూ ఒకే ఇష్టంతో దిగుతారు. అందుకని నేను దాన్ని బసివితో కలపను. ఆచారాలన్నింటినీ ఒకే కట్టగా కట్టి సమర్థించడం ఎంత బద్ధకమో, ఒకే కట్టగా కట్టి ఖండించడమూ అంతే బద్ధకం.

నేను ఇంతసేపు పొగిడిన పీర్లచావిడికి కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది. గుండం చుట్టూ డప్పు కొట్టేది ఎవరు, పీరును ఎత్తేది ఎవరు, చదివింపులు చేసేది ఎవరు, ఏ కులం వాళ్లు ఎంత దూరంలో నిలబడతారు? కలిసి జరుపుకోవడం అంటే సమానంగా జరుపుకోవడం కాదు. ఊరి కలివిడి కూడా కులం మీదే కాళ్లు పెట్టుకుని నిలబడింది. ఏ కథ నిజమన్న దగ్గర పోస్ట్‌మోడర్నిజం ఆగిపోతుంది. ఆ కథ బరువు ఎవరి నెత్తిన ఉందన్న దగ్గర అసలు పని మొదలవుతుంది. నాకు తెలిసి ఈ రెండో ప్రశ్న అడగడానికి మతం వదలాల్సిన పని లేదు, మతాన్ని వెనకేసుకు రావాల్సిన పనీ లేదు.

మతాన్ని గౌరవించడం, మతాన్ని ప్రశ్నించడం రెండూ ఒకే చోట ఉండగలవా అని అనుమానం వస్తే పత్తికొండ దాటి గుత్తి దారిలో ఎర్రగుడి దాకా వెళ్లండి. తుగ్గలి మండలంలో గుండ్ల మీద అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. పన్నెండోది అన్ని మతాలవాళ్లనూ గౌరవించమంటుంది. తన మతాన్ని పొగిడి ఇతరుల మతాన్ని తిట్టేవాడు తన మతానికే చేటు చేస్తాడని, ఒకరి ధర్మం ఒకరు వినాలని చెబుతుంది. లౌకికవాదం మీద ఉపన్యాసాలిచ్చే నాలాంటివాళ్లందరం దాన్ని ఉదాహరిస్తాం. మొదటిదాన్ని మాత్రం తలవం. అందులో అదే రాజు జంతుబలి వద్దన్నాడు, జాతరల వంటి జనసమూహాలు వద్దన్నాడు. తన వంటింట్లో ఇంకా రోజుకు రెండు నెమళ్లు, ఒక జింక తెగుతున్నాయని, ముందు ముందు అవీ ఉండవని కూడా ఒప్పుకున్నాడు. మన కందూర్లూ జాతరలూ ఆ శాసనానికి లొంగలేదు, నేనూ లొంగను. అన్ని మతాలూ వినమన్న రాజు, మతం పేరున జరిగేదాన్ని తప్పనడానికి మాత్రం వెనకాడలేదు. ఆ తప్పులో తన వంటింటినీ కలుపుకున్నాడు. మతాల మీద తీర్పు చెప్పేవాళ్లు ఇవాళ ఎక్కువగా చేయనిది ఈ చివరి పనే. హేతువాది తన హేతువు ఎవరికి బరువైందో చూసుకోడు. భక్తుడు తన మొక్కు ఎవరు మోశారో చూసుకోడు. పోస్ట్‌మోడర్న్ ప్రొఫెసరు తన అనుమానాన్ని తన జీతం మీదికి రానివ్వడు.

నిర్వాహకులకు నా విన్నపం ఒకటుంది. అయ్యవారి పేరున ఏటా ఒక పుస్తకాల మనిషిని పిలుస్తున్నారు, ఈసారి నన్ను పిలిచారు, కృతజ్ఞుణ్ణి. వచ్చే ఏడు ఈ వేదిక మీదికి మన చుట్టుపక్కల పీర్లచావిడి ముజావరును ఒకరిని, గుండం దగ్గర డప్పు కొట్టే ఆయన్ను ఒకరిని, బసివిగా విడిచిన తల్లుల్లో మాట్లాడటానికి ఇష్టపడే ఒకరిని పిలవండి. ఆ తల్లికి ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి, ఆమె కుర్చీ ఇంకెవరికీ ఇవ్వకండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకునే పని ఈ ఊరి కాలేజీ పిల్లలు తీసుకోవాలి. మధ్యలో ఎవరూ లేచి అది మతం కాదనో, మూఢత్వమనో సరిదిద్దకండి. ప్రశ్నలు అడగండి, ముందు వినండి. శ్రోతల్లో నన్నూ కూర్చోనివ్వండి, కిరాయి నేనే పెట్టుకుని వస్తాను.